ఏ గడిలో రాయను

కుతాయిసీలో మా హాలుకి రెండొందల పన్నెండు కుర్చీలు,
అందులో తొమ్మిదింటికి వీపు లేదు.
టికెట్లు చింపేదీ, రాత్రికి లెక్క కట్టేదీ ఈ ఎతెరీయే.

ఆ రొట్టెల సినిమా మాది. మా వీధిదే.
ముర్తాజ్ బట్టీలోనే తీశారు, ముర్తాజ్‌నే పెట్టి.
తెల్లారకముందే లేస్తాడు,
మట్టిపొయ్యిలోకి నడుందాకా వంగుతాడు,
పడవలాంటి రొట్టెని లోపలి గోడకి అతికిస్తాడు,
లేస్తాడు. మళ్ళీ వంగుతాడు.
గంటా నలభై నిమిషాలూ ఇంతే కథ.
మధ్యలో ఒక్కసారి పెళ్ళాన్ని పేరుపెట్టి పిలుస్తాడు.
ఆవిడ పోయి అప్పటికి ఏడాది.

నాలుగు రోజులాడింది. అరవై ఒక్క టికెట్లు.
"రోజూ పొద్దున్నే ఊరికే కనబడేదాన్ని
డబ్బిచ్చి చూడ్డమెందుకే?" అంది జుజునా,
చంకలో అతను కాల్చిన రొట్టెతోనే.
పేరు పిలిచిన చోట వెనక వరసలో ఎవడో నవ్వాడు.
ముర్తాజ్ యాస అలాంటిది,
ఏడ్చినా కూర మాడిందని చెప్పినట్టే ఉంటుంది.

ఐదో రోజు నుంచి ఎగిరే కార్ల సినిమా.
హాలు నిండింది, మెట్లమీదా కూర్చున్నారు.
వాళ్ళ కాళ్ళకింద ఊడుస్తుంటే తట్టింది నాకు:
ఎక్కడో సముద్రాల అవతల ఒక గుమాస్తా
మా తడి బూట్లనీ, మా పొద్దుతిరుగుడు గింజల పొట్టునీ
ఒక్క అంకె చేసి
ఓవర్సీస్ అనే గడిలో వేసుకుంటాడు.
రియోనీ ఒడ్డున పుట్టి, విమానం మొహం చూడకుండానే
నేనూ ఎవరికో విదేశాన్ని.

వసంతంలో కబురొచ్చింది, సప్పోరో నుంచి.
అరవై కుర్చీల చిన్న హాలట. పంతొమ్మిది వారాలట.
మంచులో గొడుగులేసుకుని వరస కట్టారట.
నిర్మాత ఫోన్లో అరుస్తున్నాడు,
యెన్‌లని మా డబ్బులోకి మార్చి, నమ్మకం కుదరక మళ్ళీ మార్చి.
పేరు పిలిచిన చోట అక్కడెవరూ నవ్వలేదట.
తెరకింద అక్షరాలకి యాసుండదు కదా.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు.
రచ్చ గెలిచినవాడు ఇంటికొస్తే
తలుపెవరు తియ్యాలో చెప్పకుండా పోయారు.
సంగతి చెప్తే ముర్తాజ్ పిండి చేతులు దులుపుకుని
"వాళ్ళ ఊళ్ళో రొట్టెలు దొరకవా, పాపం?" అన్నాడు.

అక్టోబరులో ఇద్దరు దిగారు.
హిసానో అనే ముసలావిడ, ఆవిడ తమ్ముడు.
అక్కడ పదకొండుసార్లు చూశారట,
పన్నెండోసారి తీసిన ఊళ్ళో చూడాలట.
ఇద్దరి కోసం ఆట వేశాం. హీటరు వెయ్యలేదు.
ముర్తాజూ వచ్చాడు. అదే మొదటిసారి.
పొద్దుగూకితే నిద్రపోయే మనిషి,
సినిమా ఆడిన నాలుగు రోజులూ నిద్రపోయాడు.

తెరమీద అతను పేరు పిలిచాడు.
హిసానో కళ్ళద్దాలు తీసింది.
ముర్తాజ్ పెద్దగా నవ్వాడు.
"నా గొంతింత దరిద్రంగా ఉంటుందా?
ఇన్నేళ్ళూ ఎలా పలికిందో ఆ మహాతల్లి!"
ఎందుకు నవ్వాడని ఆవిడ నా వైపు తిరిగి సైగ చేసింది.
దానికి కింద అక్షరాల్లేవు.
నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఊరుకున్నాను.
అతను ఆట అయ్యేదాకా ఉండలేదు,
పిండి పులిసిపోతుందని లేచిపోయాడు.

రాత్రి నిర్మాత పంపిన కాగితం తీశాను.
ఇంట: అరవై ఒకటి. బయట: ఏడువేల చిల్లర.
హాలు మాది, డబ్బు మాది, కన్నీళ్ళు వాళ్ళవి.
ఈ టికెట్లు ఏ గడివి?
పెన్ను నోట్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.
వద్దంటున్నా ముర్తాజ్ బల్లమీద పెట్టిపోయిన నాణేలు
పిండి అంటుకుని తెల్లగా ఉన్నాయి.

ఇంటి గడిలో అరవై ఒకటి కొట్టేసి
అరవై నాలుగు రాశాను.
తనిఖీకి ఎవరొస్తారో రానీ.