పొర

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు.
మేం లెక్కపెట్టాం. పదమూడు.
ఆ ఇంట్లో అప్పటికి ఒక్క ముద్దా తినలేదు కనుక
తప్పులేదనుకున్నాం.

ఐస్‌లాండ్ ఉత్తరాన
గాలి ఎప్పుడూ పక్కవాటుగా నడిచే లోయలో
సముద్రం ఒడ్డుకు విసిరిన కొయ్యలవి,
ఏ దేశపు చెట్లో వాటికే గుర్తులేదు.
ఒకదాని భుజం మీద ఒకటి తలవాల్చి
గుండ్రంగా నిలబడ్డాక
నడిమధ్యన, ఎవరి తలా అందని చోట
కాస్త ఆకాశం మిగిలింది.

"అక్కడ కిటికీ," అంది మా చెల్లెలు స్టెయ్నున్.
దుకాణంలో ధర విని
ఎన్ని గొర్రెలు అమ్మాలో
వేళ్ల మీద లెక్కేసి, చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

తుక్కు గుట్టలో దొరికింది
పాత వాషింగ్ మెషీన్ తలుపు.
మందపాటి గాజు గిన్నె.
ఎన్ని ఇళ్ల దుప్పట్లు
పల్టీలు కొట్టడం చూసిందో,
దాన్నే ఇప్పుడు పల్టీ కొట్టించి
ఆకాశానికి బోర్లించాం.

చుట్టూ జానెడు చెక్క కట్టు,
గడ్డి కంటే ఎత్తుగా. ఇది మరవొద్దు.
గడ్డి ఎత్తయిన చోట
మంచు లోపలికి దారి అడుగుతుంది.
కట్టు మీదికి ఎగదీసిన రబ్బరు షీటు,
దాన్ని ఆనుకుని గుప్పెడు గుప్పెడుగా గులకరాళ్లు,
ఆ తర్వాతే పచ్చిక పెళ్లలు.
కింది వరసకి వేళ్లు పైకి, పై వరసకి వేళ్లు కిందికి,
చీకట్లో ఒకరినొకరు వెతుక్కుంటాయని.

అక్టోబరులో మొదటి చుక్క
నా గంజిలో పడింది.
నిచ్చెనెక్కి జిగురు పూశాను.
వారం తిరక్కుండా రెండోది, స్టెయ్నున్ మెడ మీద.
మళ్లీ నిచ్చెన, మళ్లీ జిగురు.
మూడోసారి, చీకట్లో, తలదీపం పెట్టుకుని
గాలి నన్ను కప్పు మీంచి ఊడ్చేయబోతుంటే
కింద నుంచి మా చెల్లెలు అరిచింది,
"అమ్మేద్దాం ఈ కొంపని!"
కొనేదెవరు?

పక్క పొలం హాల్‌బెరా వచ్చింది, తొంభై ఒకటి ఆమెకి.
కాఫీ తాగి, తల పైకెత్తి,
రాలుతున్న చుక్కని వేలి మీద పట్టి నాకి చూసింది.
"ఇది వాన కాదు.
వానైతే మట్టి రుచి మోసుకొస్తుంది.
ఇది మీ ఊపిరి."

మేమిద్దరం నోళ్లు మూసుకున్నాం,
ఇంకాస్త కారుతుందేమోనని.

ఆమె చిన్నప్పుడు గొర్రెల కొట్టానికి
గాజు లేదట.
ఆవు ఈనినప్పుడు దూడ మీది ఉమ్మపొర
కడిగి, ఆరబెట్టి, కట్టె చక్రానికి బిగించి
కప్పు కన్నంలో పెట్టేదట వాళ్లమ్మ.
"వెలుతురు తేనె రంగులో వచ్చేది.
లోపల ఉన్నంతసేపూ
మేమింకా పుట్టలేదనిపించేది.
అదీ చలికాలం ఏడ్చేది, మీ గాజులాగే.
ఊపిరికి పోయే దారి చూపించండి, మానేస్తుంది."

కట్టుకి బొటనవేలంత కన్నాలు రెండు పెట్టాం,
పురుగులకు అడ్డంగా వల.
లోపలివైపు ఇంకో గుండ్రటి పలక,
రెంటి మధ్య అంచుకి మా గొర్రెల ఉన్ని.
చుక్కలు తగ్గాయి. పూర్తిగా కాదు.
గంజి గిన్నె మాత్రం జరిపాను.

మే నెలలో ఒక రాత్రి,
రాత్రనాలేగాని సూర్యుడు పడుకోలేదు,
కప్పు మీద గిట్టల చప్పుడు.
నిండు చూలు గొర్రె ఒకటి
మా నెత్తిన మేస్తూ మేస్తూ
గాజు దగ్గర ఆగి, ముక్కు ఆనించి
నన్ను చూసింది.

దాని ఊపిరి బయట,
నాది లోపల.
గాజు రెండువైపులా మసకబారింది.
ఎవరు ముందు తుడవాలో తెలియక
కాసేపలా ఉండిపోయాం.