గట్టు రాయి

మా వేలంపాట రోజున వాన పడలేదు.
కెయిత్‌నెస్‌లో అది పండగ కింద లెక్క.
అందుకే కాబోలు, జనం బాగా వచ్చారు.

పెరటి గడ్డి మీద ఇల్లంతా పరిచారు:
రెండు నాగళ్లు, వెన్న చిలికే పీపా,
అమ్మ పెళ్లినాటి గోడగడియారం.
అది ఆరుబయట కూడా టిక్కుటిక్కుమంటూనే ఉంది,
సిగ్గులేనిది.

బ్యాంకు మనిషి బూట్లకి పేడ అంటకుండా
ఓ రాతిపలక మీద నిలబడ్డాడు.
రెండేళ్లు వరసగా ఓట్స్ చేలోనే తడిసి మొలకెత్తడం,
విక్ సంతలో గొర్రెపిల్లల్ని అమ్మితే
బండి బాడుగైనా రాకపోవడం,
ఆయన పుస్తకంలో ఒకే ఒక్క ఎర్రగీత.
పొలం మాత్రం కౌలుకి మిగిలింది.
గుర్రం లేని కౌలు దేనికి?

నాన్న పాకలోంచి బయటికి రాలేదు.
అమ్ముడుపోయే ఫ్లోరీకి
జూలు దువ్వుతూ కూచున్నాడు.

అప్పుడొచ్చాడు మాగ్నస్ పెదనాన్న,
పదకొండేళ్లుగా మా ముఖం చూడనివాడు.
తగాదా జానెడు నేల కోసం.
రెండు పొలాల మధ్య నిలువునా పాతిన పలకల వరసని
రాత్రికి రాత్రి నాన్న జరిపాడని ఆయన,
జరపలేదని నాన్న.
చర్చిలో కూడా చెరో పక్క బల్ల.
ఆయన గొంతెలా ఉంటుందో నాకు తెలీదు.

ఆ రోజు విన్నాను.
"తొమ్మిది," అన్నాడు థర్సో వ్యాపారి.
"పది," అందా గొంతు. నాన్న గొంతే, కాస్త బొంగురు.
పదకొండు. పన్నెండు.
"పద్నాలుగు పౌన్లు."
ఒకటోసారి. రెండోసారి.
చుట్టుపక్కల రైతులంతా ఒక్కసారిగా
తమ బూట్ల వైపు చూసుకోవడం మొదలెట్టారు.

టోపీలోంచి నోట్లు తీసి లెక్కపెట్టి
ఫ్లోరీ పగ్గం పట్టి నడిపించాడు,
తన పొలం వైపు కాదు, మా పాకలోకే,
నాన్న పక్కనుంచే.
దాని చోట దాన్ని కట్టేసి
చేరెడు గడ్డి వేసి వెళ్లిపోయాడు.
ఒక్క మాట లేదు.
ఆ తర్వాత ఆరేళ్లు కూడా లేదు.
కథల్లో అయితే కావలించుకుంటారు.

అది తన సమాధి రాయికి దాచుకున్న డబ్బని
ఆయన పోయాకే తెలిసింది,
ఇసొబెల్ పెద్దమ్మ మా గుమ్మంలో కేకలేస్తే:
"పేరు చెక్కిన రాయి కావాలనేవాడు.
మీ గుర్రం తినేసింది దాన్ని."

నాన్న ఏమీ అనలేదు. గడ్డపార తీశాడు.
గట్టు మీది ఆ వరసలోంచే,
జరిగిందో లేదో ఇప్పటికీ తేలని చోటు నుంచే,
ఒక పలకని మధ్యాహ్నం దాకా తవ్వి పెళ్లగించాడు.
ఫ్లోరీయే లాగింది. ముసలిదైపోయింది అప్పటికి,
మూడుచోట్ల ఆగింది.

మేకుతో నేనే చెక్కాను.
మొదటి అక్షరం ఒక్కటే కుదిరింది.

గట్టులో ఆ సందు ఇంకా అలాగే ఉంది.
వాళ్ల గొర్రెలు ఇటు మేస్తాయి, మావి అటు.
పెద్దమ్మ రోజూ తిడుతుంది.
ఎవరూ పూడ్చరు.