ముందున్న సున్నా

బ్రాడీపేట నాలుగో లైను, మేడ మీద గది.
రాత్రి ఒంటిగంట. గాలి మిర్చి యార్డు వైపు నుంచి తిరిగింది.
మూడు తుమ్ములు తుమ్మి
మళ్ళీ టెస్టులు నడిపాను.

చుక్క. చుక్క. చుక్క.
నారు మొలిచినట్టు పచ్చ చుక్కలు వరసగా వచ్చి
తొమ్మిదొందల పన్నెండో దగ్గర
ఒక ఎర్ర చుక్క.

మా ఊళ్ళో ఎరుపంటే పంట చేతికొచ్చినట్టు.
పచ్చికాయని ఆ కాటా ఎక్కనివ్వరు.
ఈ తెర మీద అంతా తలకిందులు:
పచ్చగా ఉంటేనే పండినట్టు,
ఎరుపు కనబడిందా, ఆ రాత్రికి నిద్ర లేనట్టే.

లాటు నంబరు 0417 లోపలికెళ్ళింది.
417 బయటికొచ్చింది.
దారిలో ఎవరూ ఆపలేదు.
అంకెలా కనిపించినదాన్నల్లా అంకే అనుకుని
ఫ్రేమ్‌వర్కు ఎంతో మర్యాదగా సున్నాని రాల్చేసింది.
అరసున్నని వదిలేసి హాయిగా రాసుకుంటున్నవాళ్ళం,
ఒక్క సున్నాకేం అనుకుంటాం గానీ
0417 తాడికొండ రైతుది.
417 ఇంకెవరిదో.

కింద వాటా మస్తాన్‌వలి గారు
ముప్ఫయ్యేళ్ళు కాటా గుమాస్తా. ఆయనకీ నిద్ర పట్టదు.
మెట్ల మీద కూర్చుని, "ఇంకా తెమల్లేదా?" అన్నారు.
రెండో తప్పు చెప్పాను:
తూకం గడి ఖాళీగా వస్తే సున్నా అని రాసేసుకుంటోందండీ.
ఆయన బీడీ ఆర్పేశారు.
"టిక్కీ రాకపోవడం వేరు, నాగూర్‌బీ.
ఖాళీ గోతం రావడం వేరు.
మొదటిదానికి రైతు కోసం చూడాలి.
రెండోదానికి హమాలీని నిలదీయాలి."

అప్పటికి ముప్ఫై ఏడు పంక్తులు రాసి ఉన్నాను.
చెరిపేసి నాలుగు రాశాను.
కొత్త టెస్టుకి ఆయన మాటే పేరు:
రాని టిక్కీ, ఖాళీ గోతం.

ఒకటి పక్కన ఒకటి నిలబెడితే పదకొండు.
ఒకటికి ఒకటి కలిపితే రెండు.
ఎక్కడ నిలబెట్టాలో ఎక్కడ కలపాలో
ఇన్నాళ్ళూ ఈ కోడు నన్నడగలేదు,
నేనూ చెప్పలేదు.

మళ్ళీ నడిపాను.
ఎనిమిదొందలు. తొమ్మిదొందలు.
పన్నెండోది దాటింది, చప్పుడు లేకుండా,
చెక్‌పోస్టు దగ్గర లారీ ఆపకుండా వదిలేసినట్టు.
పదమూడొందల ఆరు. అన్నీ పచ్చన.
చిట్టచివర ఒక్కటి మాత్రం పసుపు.
ఎవరో ఎప్పుడో పక్కనపెట్టి మరిచిన టెస్టు.

"పసుపైతే దుగ్గిరాల యార్డువాళ్ళు చూసుకుంటార్లే" అని
నవ్వుతూ దిగిపోయారాయన.

నేను దాన్ని తెరిచాను.
లోపల ఒక తేదీ.
అక్షరాల్లో ఉంది.