చిల్లర తేడా

మునానాలో, ఓనొరీన్ లెకోగో వంటింట్లో
గోడకి నా మీటరు ఆనించాను.
రేకుల మీద తొలి చినుకులు రాలినట్టు
టిక్కు, టిక్కు, ఆగి, మళ్ళీ టిక్కుటిక్కు.
"వానొచ్చిందా?" అని ఆమె బయటికి తొంగి చూసింది.
ఎండ పెళపెళలాడుతోంది.

ఆ గోడ గని మట్టిది.
ఇళ్ళు కట్టేటప్పుడు ఉచితంగా ఇచ్చారట.
ఉచితం అనే మాట దగ్గర ఆమె కాస్త ఆగింది.

పెనిమిటి ఓక్లో గుంతలో తవ్వినవాడు.
ఆ రాయి సముద్రం దాటి ఫ్రాన్సు వెళ్ళింది.
అక్కడెవరికో లెక్క తప్పింది:
వెయ్యి పాళ్ళలో ఏడుంబావుకి కాస్త తక్కువగా
పగిలే జాతి యురేనియం ఉండాలి,
ఏ దేశపు రాయైనా, చంద్రుడి రాయైనా.
ఇందులో ఆ చిల్లరలో చిల్లర లేదు.

"మా ఆయన టిఫిను డబ్బా కూడా దులిపి చూస్తారనుకున్నాం."

దొంగ దొరికింది. రాయే.
రెండు వందల కోట్ల ఏళ్ళ కిందట
తన సొత్తు తనే ఖర్చు పెట్టుకుంది.

చెప్పుకుంటూ పోయాను, మీటరు చేతిలోనే ఉంది:
అప్పటికి చెట్టు లేదు, చేప లేదు, చూసే కన్ను లేదు.
నీరు ఇంకి రాతి సందుల్లోకి దిగింది.
నీళ్ళు తగిలితే ఆరేది మన నిప్పు,
ఇది నీళ్ళు తగిలితే రాజుకునేది.
పరుగెత్తే న్యూట్రానుకి నీరు నడక నేర్పింది.
నడిచొచ్చిన న్యూట్రాను ఒక కేంద్రకం తలుపు తట్టింది,
అది రెండుగా పగిలి
మరో రెండు మూడు న్యూట్రాన్లని వీధిలోకి తోలింది.
అరగంట వేడి. నీరు ఆవిరై పోయింది.
పొంగిన పాలు పొయ్యిని ఆర్పేసినట్టు
తన ఉడుకే తనని ఆర్పేసింది.
రెండున్నర గంటలకి మళ్ళీ నీరు, మళ్ళీ వేడి.
అలా లక్షల ఏళ్ళు,
ఇంజనీరు లేకుండా, సైరను లేకుండా.

"మరి బూడిద?"
ఇంత కథలో ఆమె అడిగింది అదొక్కటే.

చాలా మటుకు పుట్టినచోటే ఉంది, అన్నాను.
నాలుగడుగులు కూడా కదల్లేదు.

ఆమె గోడ వంక చూసింది.
తర్వాత వాగు వంక,
గని తన చేతులు కడుక్కున్న వాగు.
"రాయికున్న బుద్ధి..." అని
మిగతాది కర్రపెండలం తొక్కతో పాటు గిన్నెలో వేసింది.

ఊరటగా ఉంటుందనేమో
ఫ్రాన్సులో కడుతున్న పెద్ద ఉంగరం సంగతి ఎత్తాను.
ఇది పగలగొట్టడం కాదు, కలపడం.
ఒకదాని పొడ ఒకటి గిట్టని హైడ్రోజన్లు రెండు
సూర్యుడి కడుపుకంటే పదింతల ఉక్కలో
తప్పక కావలించుకుంటే, హీలియం.
అంత వేడికి ఏ గిన్నె ఆగుతుంది?
అయస్కాంతాలతో, అంటకుండా, ఎత్తి పట్టాలి.
కలిసినప్పుడు కాస్త బరువు తగ్గుతుంది,
ఆ తగ్గిందే వెలుగు.

"అక్కడా చిల్లర తగ్గుతుందన్నమాట," అంది.
"ఈసారి ఎవరి జేబులు చూస్తారు?"

ఎప్పటికి వస్తుందని కూడా అడిగింది.
మా నాన్న చిన్నప్పటినుంచీ
ఇంకో ముప్పై ఏళ్ళే, అన్నాను.

వాకిట్లో చాప మీద
పెండలం ముక్కలు ఎండుతున్నాయి.
కలిపే పొయ్యి పైన ఎప్పటిలాగే మండుతోంది,
మీటరు లేదు, బిల్లు లేదు.
ఆమె వెళ్ళి ఒక్కో ముక్కనీ తిరగేసి వచ్చింది.

కాగితంలో రాశాను:
వంటిల్లు, తూర్పు గోడ, హద్దుకి పైన.

"ఎంత పైన?"

నాలుక చివరిదాకా వచ్చిన మాట మింగేసి
అంకె చెప్పాను.
మీటరు కట్టేశాను.
గోడలో వాన కురుస్తూనే ఉంది.