మూడు గళ్ళు

డిస్కు అట్ట వెనక అచ్చుకి పంపాల్సిన వివరాల్లో
మూడు గళ్ళు ఇంకా ఖాళీ:
వేగం, శ్రుతి, భావం.
రేపు మధ్యాహ్నంలోగా కావాలి, అంది టాలిన్ నుంచి కేర్తు.

వేగం తేలికనుకున్నాను.
స్వరపత్రం మూలన విర్వే పెన్సిలుతో రాసుకున్న
యాభై ఎనిమిది నాకు గుర్తుంది.
హెడ్‌ఫోన్లు తగిలించుకుని బల్లమీద వేలు తడుతూ లెక్కపెడితే
మొదట యాభై ఆరు,
రెండో చరణం దగ్గర యాభై ఒకటి,
ఆ తర్వాత
నా వేలే ఆగిపోయింది, వినడానికి.

ఫిబ్రవరి. హీయుమా దీవి.
సముద్రం గడ్డకట్టి పడవలు నిలిచిపోయిన వారం.
చర్చి నేలచెక్కలు అడుగు కదిపితే చాలు కిర్రుమంటాయని
ఇరవై రెండు మందీ బూట్లు విప్పేసి
ఉన్ని మేజోళ్ళతో నిలబడ్డారు.
ఎర్రవి, చారలవి,
మడమ దగ్గర వేరే రంగు నూలుతో అతుకేసినవి.
దేవుడి ముందు అంత మామూలుగా నిలబడ్డ మనుషుల్ని
నేను అంతకుముందు రికార్డు చేయలేదు.

మొదటి రెండుసార్లూ బాగానే పాడారు.
తప్పు పట్టడానికి ఏమీ దొరకనంత బాగా.
విర్వే మాత్రం పెదవి కొరుక్కుంటూ
కాగితాలు ఇటూ అటూ సర్దింది.
అప్పుడు హిల్యా, ఆల్టో వరుసలో చివరి మనిషి,
పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే హిల్యా,
బళ్ళో పిల్లలా చెయ్యెత్తింది:
"ఆ హీటర్ ఆపకూడదా? అది కూడా పాడుతోంది."

నిజమే. దాని రొద నా మైకులకి ఎక్కుతూనే ఉంది.
తర్వాత తుడిచేయొచ్చులే అనుకున్నాను.
వెళ్ళి ఆపాను.

ఆపాక తెలిసింది,
ఇంతసేపూ అందరూ చేతికర్రలా ఆనుకున్నది దాన్నేనని.
ఆ పాత ఫ్యానే వాళ్ళ తంబురా.
ఇప్పుడది లేదు. చలి ఒక్కటే మిగిలింది.
విర్వే శ్రుతిదండాన్ని మోకాలికి తాటించి
చెవి దగ్గర పెట్టుకుని
డి అందించింది.

లోతుల్లోంచి మొరపెట్టే కీర్తన అది, లాటిన్‌లో.
రెండో వాక్యానికే దిగడం మొదలైంది.
ఒకరు తప్పి మిగతావాళ్ళని లాగడం కాదు,
ఒకే దుప్పటి కింద పడుకున్నవాళ్ళు
నిద్రలో కలిసి దొర్లినట్టు.
మధ్యలో ఎక్కడో
కప్పు మీది మంచుపెళ్ళ ఊడి పడింది.
సోప్రానోలు దానికి దారిచ్చి
అది నేల తాకాకే తమ స్వరం ఎత్తుకున్నారు.
విర్వే అరచేతులు పైకి తిరగలేదు.
పక్కగది తలుపుసందులోంచి చూస్తున్న నాకే తెలిసిపోయిందంటే
ఆమెకు తెలియకపోవడం ఏమిటి?

ఆఖరి స్వరం బాసువాళ్ళది.
ఎండెల్, ట్రాక్టర్లు బాగుచేసే ఎండెల్,
నలభై ఏళ్ళుగా డి కిందికి దిగని గొంతు.
అదే నా అరుగు, దాని కింద మట్టే, అని
కాఫీ దగ్గర నవ్వుతూ చెప్పాడు.
ఆ పూట అరుగు కింద ఇంకో మెట్టుంది.
దాని మీద కాలు పెట్టాడు.
పెట్టినట్టు అతనికి ఇప్పటికీ తెలియదు.

అర్ధస్వరం పడిపోయింది కదా, అంటుంది కేర్తు,
మెషీన్‌లో వేసి పైకి లేపెయ్, ఎవరు కనిపెడతారు?
రాత్రి రెండింటికి లేపి చూశాను.
అంతా కుదిరింది.
మంచుపెళ్ళ కాస్త చిన్నదై పడింది.
ఎండెల్ మళ్ళీ
రోజూ నిలబడే చోటే నిలబడి ఉన్నాడు.
చెరిపేశాను.

శ్రుతి: డి మైనర్‌లో బయల్దేరింది, అని రాశాను.
వేగం: మేజోళ్ళతో నడిచినంత.
భావం దగ్గర ఒక జాబితా విచ్చుకుంటుంది,
శాంతం, దుఃఖం, ఆరాధన, పండగ, ఇతరం.
ఇతరం నొక్కితే
ఇరవై అక్షరాలకే చోటు.

హీటర్ ఆపాక, అని కొట్టి పంపేశాను.

పొద్దున్నే కేర్తు జవాబు:
ఇది భావం కాదు కదా?

ఇంకా ఏమీ రాయలేదు నేను.
ఎండెల్‌కి డిస్కు ఇచ్చిరావాలి.
పడవలు మొదలయ్యాయట.