ఊరి పేరు పెట్టుకున్న ఓడ

మా డన్‌రాత్‌కి
దగ్గరి సముద్రం రెండు రాత్రుల రైలు దూరం.
గోధుమ చేను సముద్రంలా ఉంటుందని ఊళ్ళో అందరూ అనేవాళ్ళే.
నిజంగా చూసినవాడు ఒక్కడే,
నార్వే నుంచి వచ్చిన టోలెఫ్‌సన్ తాత.
ఆయన మాత్రం ఆ మాట ఎన్నడూ అనలేదు.

నలభై ఒకటిలో ఒట్టావా నుంచి ఉత్తరం.
తపాలా సంచి విప్పింది నేనే.
ఒక యుద్ధనౌకకి మీ ఊరి పేరు పెడుతున్నాం, అని.
మేయరు చదివి, కళ్ళజోడు తుడుచుకుని
మళ్ళీ చదివాడు.
ఆరొందల నలభై మందికి
ఒక ఓడ.

నాలుగు రోజులు ప్రయాణం చేసి
సెయింట్ లారెన్స్ ఒడ్డుకి వెళ్ళాడాయన,
బట్టలుతికే మిషనొకటి,
అద్దం కట్టించిన మెయిన్ స్ట్రీట్ ఫోటో ఒకటి వెంటబెట్టుకుని.
తిరిగొచ్చి హాల్లో చెప్పాడు:
రంగు ఇంకా ఆరలేదట, రెయిలింగు పట్టుకుంటే అరచేతికి బూడిద అంటిందట.
కెప్టెన్ మొన్నటిదాకా బ్యాంకు గుమాస్తా అట.
ఆజ్ఞాపత్రం చదువుతుంటే గాలి కాగితం లాక్కోబోయిందట.
జెండా పైకెళ్ళగానే
అప్పటిదాకా ఇనుముగా ఉన్నది
ఊపిరి పీల్చినట్టు కదిలిందట.
ఆ మాటకి తనే సిగ్గుపడి
గ్లాసెడు నీళ్ళు తాగాడు.

ఇక మేం అల్లడం మొదలుపెట్టాం.
ఉక్రెయిన్ అమ్మమ్మలు ఒక బల్లకి, నార్వే అమ్మమ్మలు ఒక బల్లకి,
మేజోళ్ళ మడమ ఎలా తిప్పాలన్న దగ్గర
వాళ్ళ మధ్య వేరే యుద్ధం.
నేనల్లిన జతలో ఎడమది రెండంగుళాలు పొడుగు.
అయినా పంపాను.
చిరునామా: ఓడ పేరు, హాలిఫాక్స్. అంతే.
జవాబులు కిటికీలు కోసుకుని వచ్చేవి.
మా ఊరు ఏ నీళ్ళ మీదుందో
మా ఊరికే తెలియకూడదు.

వాసిల్ హ్రిట్సాక్ ఆ ఓడే కావాలని నేవీలో చేరాడు.
వేరే ఓడ ఎక్కించారు.
ఆ టెలిగ్రామూ నా చేతుల మీదుగానే వెళ్ళింది,
వాళ్ళమ్మ మేజోళ్ళ బల్ల దగ్గర ఉన్నప్పుడు.

నలభై ఆరు, కోతలకి ముందు
రైలు దిగాడొక మనిషి.
ఎంగస్ మెకిసాక్, కేప్ బ్రెటన్ వాడు, బాయిలర్ దగ్గర పని.
తపాలా కిటికీలో తల పెట్టి అడిగిన మొదటి మాట:
"ఆ కుక్క ఏదీ?"

ఏ కుక్కా అనుకున్నాను.
ఫోటోలో, ఇనప సామాన్ల కొట్టు మెట్ల మీద,
బొటనవేలి గోరంత కుక్క.
వాచ్‌కి దిగేముందు ప్రతివాడూ
అద్దం మీద దాని తల నిమిరేవాడట.
అడ్మిరల్ అని పిలిచేవాళ్ళట.
"మూడేళ్ళకి అక్కడ అద్దం మసకేసింది" అన్నాడు.
దాని పేరు మిష్కా అనీ
నలభై మూడు చలికాలంలో పోయిందనీ చెప్పాను.
టోపీ తీసి కాసేపు అలాగే నిలబడ్డాడు.

మేజోళ్ళ సంగతి అడిగితే నవ్వాడు.
"మేమెక్కడ తొడుక్కున్నాం?
నీళ్ళలోంచి లాగినవాళ్ళ కాళ్ళకి వేశాం.
పొడుగ్గా ఉన్న ఎడమది మీదా?
గ్రీకువాడొకడు అది మెడకి చుట్టుకుని
ఐస్‌లాండ్‌లో దిగిపోయాడు."
మరి ఓడ?
"పాత ఇనుము కింద అమ్మేశారు."

రైలు పట్టాల అవతల
ధాన్యం ఎలివేటర్ గోడ మీద
మనిషెత్తు అక్షరాల్లో మా ఊరి పేరు.
ఎండలో నిలబడి
చదువు రానివాడిలా ఒక్కో అక్షరమే చదివాడు.
యుద్ధంలో టోపీ రిబ్బను మీద ఓడ పేరుండకూడదని నియమం.
"నాలుగేళ్ళు మీ పేరు మీద బతికాను.
ఒంటి మీద ఎక్కడా రాసుకోనివ్వలేదు."

చేను మీద గాలి వెళ్తోంది.
సముద్రంలా ఉందా? అని అడిగాను, ఆగలేక.
చాలాసేపు చూసి,
"లేదమ్మా" అన్నాడు.

సాయంత్రం బండికి ముందు
అతని టోపీ ఇలా ఇమ్మని తీసుకుని
లోపలి అస్తరు మీద
తపాలా ముద్ర గట్టిగా నొక్కాను:
డన్‌రాత్, ఆగస్టు 19.
అది నేరం.
రిజిస్టరులో రాయలేదు.