మినిట్స్‌లో రాయనివి

మార్చి పదకొండు, మంగళవారం, బడి జిమ్ హాలు.
బయట మంచు కరగాలో వద్దో తేల్చుకోలేకపోతోంది.
లోపల మేమూ అంతే.

మడత కుర్చీలు చాలక
కిండర్‌గార్టెన్ గదిలోంచి చిన్నవి మోసుకొచ్చారు.
నలభై ఏళ్లు బంగాళాదుంపలు పండించిన ఎడెలార్ పెల్కీ
మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా
పసుపు కుర్చీలో ఒదిగి కూర్చుని
"డెబ్భై ఎనిమిది వేల డాలర్లు" అన్నాడు.
అని, ఆగాడు.
నేను అంకె రాశాను. ఆగడం రాయలేదు.

ఊరి గుమాస్తాకి నియమం ఒకటే:
ఏమన్నారో రాయి, ఎలా అన్నారో వద్దు.
పంతొమ్మిదేళ్లు దాటలేదు ఆ గీత.
ఈ రాత్రికి మాత్రం
మినిట్స్ పుస్తకం కింద ఇంకో కాగితం పెట్టుకున్నాను.

స్టార్చ్ ఫ్యాక్టరీ మూతపడ్డాక
పన్నుల డబ్బు ఎటు పోయిందో అందరికీ తెలుసు,
అయినా ప్రతి ఏడూ కొత్తగా వెతుకుతాం.
ప్రిన్సిపాల్ క్రిస్మస్‌కి వెళ్లి మళ్లీ రాలేదు.
తలుపు మీద పేరు పలక పీకిన చోట
రెండు మరమేకుల కన్నాలు.

"ఆ ఒక్క జీతంతో
సంగీతం టీచరూ, నర్సూ, నది రోడ్డు బస్సూ మిగుల్తాయి"
రోజెల్లా సిర్ వేళ్లు మడిచి చెప్పింది.
నది రోడ్డు చివరి ఇల్లు ఆమెదే.
అది ఆమె చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

"తలకాయ లేని ఒంటికి
ఎన్ని టోపీలు కొంటే ఏం లాభం?"
బోర్డు ఛైర్మన్ థర్స్టన్ హాస్కెల్.
"కడుపు కాలేవాడికి ముందు తలకాయ కావాలా?"
వెనక వరసలోంచి, ఎవరో.
నవ్వారు. నవ్వు రాయకూడదు.

అప్పుడు ఎడెలారే
ఎవరి మీదా కోపం లేనట్టు అడిగాడు:
"మరి జనవరి నుంచి బడి ఎవరు నడుపుతున్నట్టు?"

తలలన్నీ కాఫీ బల్ల వైపు తిరిగాయి.
యూనిస్ డోక్, ఆఫీసు సెక్రటరీ,
కాగితం కప్పులు ఒకదాంట్లో ఒకటి దూరుస్తూ ఉంది.
దూర్చడం ఆపకుండానే చెప్పింది.

"ఒక పిల్లాడు రెండ్రోజులు రాలేదు. పేరు చెప్పను.
కారేసుకుని వెళ్లాను.
ఇంట్లో నూనె అయిపోయి పొయ్యి ఆరిపోయింది.
ముగ్గురూ ఒకే దుప్పట్లో ఉన్నారు.
సాయం కోసం ఫారం నింపాను.
కింద ప్రిన్సిపాల్ సంతకం కావాలట.
నాకు తాళాలున్నాయి. సంతకం లేదు.
పక్క ఊరాయన పెట్టేసరికి తొమ్మిది రోజులు."

తర్వాత, ఇంకాస్త మెల్లగా,
"నాకు గంటకి పదిహేడు డాలర్లు.
పెంచమనడం లేదు. ఊరికే చెప్తున్నా."

హీటరు చప్పుడు వినబడింది చాలాసేపు.
మినిట్స్‌లో అది ఒక్క వాక్యం:
శ్రీమతి డోక్ సిబ్బంది పరిస్థితి వివరించారు.

చివరికి సగం ప్రిన్సిపాల్.
సోమ, బుధ మాకు, మిగతా రోజులు పక్క ఊరికి.
సంగీతం వారానికి ఒక పూట.
బస్సు సంగతి మేలో చూద్దామన్నారు,
మేలో చూడరని రోజెల్లాకి తెలుసు, కోటు గుండీలు పెట్టుకుంది.
చేతులు రెండుసార్లు లెక్కపెట్టాను: అరవై నాలుగు, అరవై ఒకటి.
నా చెయ్యి ఎత్తాలంటే కలం కింద పెట్టాలి.
పెట్టాను.
ఎటువైపో ఈ కాగితం మీదా రాయను.

తొమ్మిదీ నలభై ఏడుకి సభ ముగిసింది.
ఎడెలార్ లేవబోతే
పసుపు కుర్చీ కూడా ఆయనతో లేచింది.
ఓడినవాళ్లూ గెలిచినవాళ్లూ పగలబడి నవ్వుతుంటే
రోజెల్లా వెళ్లి కుర్చీ కాళ్లు పట్టుకుంది,
థర్స్టన్ భుజాలు పట్టుకున్నాడు,
లాగారు.

యూనిస్ ఆ కుర్చీని చంకలో పెట్టుకుని
దీపాలార్పేసిన వరండాలో
కిండర్‌గార్టెన్ గది వైపు నడిచింది.
తాళాల చప్పుడు
మలుపు తిరిగేదాకా వినిపించింది.